మూడు నెలల షుగర్ లెక్కలో ఎర్రకణం వయసు

ఒక రిపోర్టు ఊహించుకుందాం. ముప్పై ఎనిమిదేళ్ల గృహిణి. పరగడుపున షుగర్ 98, తిన్న రెండు గంటలకు 132. రెండూ మామూలుగానే ఉన్నాయి. ఆ కింద వరుసలో మాత్రం ‘మూడు నెలల షుగర్’ అని పిలిచే హెచ్‌బీఏ1సీ 6.6 శాతం, పక్కనే లావు అక్షరాల్లో ‘డయాబెటిక్’. ఇక ఇంట్లో టెన్షన్ మొదలు. కాఫీలో చక్కెర బంద్, రాత్రి అన్నం బంద్, పక్కింటివాళ్లు చెప్పిన మెంతుల నీళ్లు షురూ. అదే రిపోర్టు రెండో పేజీలో హిమోగ్లోబిన్ 8.2 అని ఉంది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఆడవాళ్లకు రక్తం తక్కువగా ఉండటం మన ఇళ్లలో వార్త కాదు కదా.

నిజానికి ముందు చదవాల్సింది ఆ రెండో పేజీనే. హెచ్‌బీఏ1సీ 6.6 అంటే రక్తంలో షుగర్ సగటున 143 దగ్గర ఉందని లెక్క. పరగడుపున 98, తిన్నాక 132 ఉన్న మనిషికి 143 సగటు ఎక్కడి నుంచి వస్తుంది? తిన్న వెంటనే కాసేపు పెరిగినా రోజు మొత్తం సగటు అంత పైకి పోదు. అంటే రెండు లెక్కల్లో ఏదో ఒకటి తప్పుదారి పట్టిస్తోంది. అది ఏదో తెలియాలంటే ఈ టెస్టు అసలు దేన్ని కొలుస్తుందో చూడాలి.

జనం దీన్ని ‘మూడు నెలల షుగర్’ అంటారు. కానీ ఈ టెస్టు నేరుగా షుగర్‌ను కొలవదు. ఎర్ర రక్తకణంలో ఉండే హిమోగ్లోబిన్‌లో ఎంత శాతానికి గ్లూకోజు అంటుకుందో కొలుస్తుంది. హిమోగ్లోబిన్‌లోని బీటా గొలుసు మొదట్లో ఉండే వాలీన్ అనే అమైనో ఆమ్లానికి గ్లూకోజు వచ్చి అతుక్కుంటుంది. దీనికి ఏ ఎంజైమూ అక్కర్లేదు. గ్లూకోజు ఉంటే చాలు, నెమ్మదిగా దానంతటదే జరిగిపోతుంది. మొదట వదులుగా ఉండే ఆ బంధం కొన్నాళ్లకు బిగుసుకుంటుంది. ఒకసారి బిగిసిందంటే ఆ కణం చచ్చేదాకా వదలదు. ఎర్రకణం సుమారు 120 రోజులు బతుకుతుంది.

ఆవకాయ జాడీ గుర్తు తెచ్చుకుంటే ఇది సులువుగా అర్థమవుతుంది. ముక్క ఎంత ఉప్పగా ఉందన్నది రెండు విషయాల మీద ఆధారపడుతుంది: ఊటలో ఉప్పు ఎంతుంది, ముక్క అందులో ఎన్నాళ్లు ఊరింది. ముక్కను కొరికి చూసి ఊటలో ఉప్పు ఇంత అని చెప్పాలంటే, అది ఊరిన రోజులు ముందే తెలిసి ఉండాలి. హెచ్‌బీఏ1సీ చేసేది సరిగ్గా ఆ పనే. ఎర్రకణం అనే ముక్కను కొరికి, రక్తం అనే ఊటలో చక్కెర ఎంతో చెబుతుంది. ఎర్రకణం అందరిలోనూ ఒకేలా నాలుగు నెలలు ఊరుతుందని ముందే అనుకుని లెక్క కడుతుంది. ఆ అనుకున్నది చాలామందిలో నిజమే. నిజం కానివాళ్లు కూడా మన దగ్గర తక్కువేం లేరు.

‘మూడు నెలల సగటు’ అన్న మాట కూడా కాస్త వదులుగా వాడుతున్నదే. రక్తం తీసిన రోజున ఒంట్లో అన్ని వయసుల కణాలూ ఉంటాయి. నిన్న పుట్టినవి, నెల దాటినవి, రేపో మాపో పోయేవి కలిసే తిరుగుతుంటాయి. గడిచిన నెలలో పెరిగిన షుగర్ దాదాపు అన్ని కణాలకూ తగులుతుంది. మూడు నెలల కిందటి షుగర్‌ను చూసినవి మాత్రం ముసలి కణాలు కొన్నే. అందుకే ఈ అంకెలో సుమారు సగం వాటా చివరి ముప్పై రోజులది. అంతకు ముందు నెల వాటా పావు వంతు, దానికి ముందు రెండు నెలలదీ కలిపి మిగతా పావు వంతు. మే నెలంతా బంగినపల్లి మామిడిపండ్లు వదలకుండా తిని జూన్ మొదటి వారంలో టెస్టు చేయించుకుంటే వచ్చేది ఎక్కువగా మామిడిపండ్ల లెక్కే. అదే మనిషి ఆగస్టు చివర చేయించుకుంటే ఆ నెల వాటా బాగా తగ్గిపోతుంది. డాక్టర్ దగ్గరికి వెళ్లే ముందు రెండు రోజులు పథ్యం చేస్తే పరగడుపు షుగర్ దిగుతుంది కానీ ఈ అంకె కదలదు. ఈ టెస్టుకు పేరు తెచ్చిన గుణం అదే. పరగడుపున రావాల్సిన పని లేకపోవడం ఇంకో సౌకర్యం.

ఇది దొరికిన తీరు కూడా చెప్పుకోదగ్గదే. 1960ల చివర్లో టెహ్రాన్‌లో శామ్యూల్ రహబర్ అనే ఇరాన్ శాస్త్రవేత్త హిమోగ్లోబిన్‌లో తేడాలు వెతుకుతూ రక్త నమూనాలు పరీక్షిస్తుండగా, డయాబెటిస్ ఉన్నవాళ్లలో ఒక రకం హిమోగ్లోబిన్ మామూలు కంటే ఎక్కువగా కనిపించింది. దాన్ని షుగర్ అదుపును చూసే కొలతగా వాడవచ్చని 1976లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీ నుంచి రోనాల్డ్ కోనిగ్, ఆంథొనీ సెరామీ బృందం చూపించింది. ఆస్పత్రిలో ఉంచి షుగర్ తగ్గించిన ఐదుగురు రోగుల్లో ఈ అంకె కూడా వెనకాలే దిగుతూ వచ్చింది. ఐదుగురంటే ఐదుగురే. అంత చిన్న మొదలు.

అంకెకు పలుకుబడి వచ్చింది మాత్రం రెండు పెద్ద అధ్యయనాల వల్ల. అమెరికా, కెనడాల్లో టైప్ 1 డయాబెటిస్ ఉన్న 1,441 మందిని ఏళ్ల తరబడి గమనించిన డీసీసీటీ ఫలితాలు 1993లో వచ్చాయి. ఈ అంకెను 9 దగ్గర వదిలేసినవాళ్లతో పోలిస్తే 7 దగ్గరికి తెచ్చినవాళ్లలో కంటి రెటీనా కొత్తగా దెబ్బతినే ముప్పు 76 శాతం తగ్గింది. 1998లో బ్రిటన్ నుంచి యూకేపీడీఎస్ అనే అధ్యయనం టైప్ 2 వాళ్ల విషయం తేల్చింది. అక్కడ తేడా 7.9కీ 7.0కీ మధ్యనే. అయినా కళ్లు, కిడ్నీల వంటి చోట్ల సన్నటి రక్తనాళాలకు వచ్చే చేటు పావు వంతు తగ్గింది. డాక్టర్లు ‘ఏడు లోపు ఉంచండి’ అనే మాట వెనక ఉన్న లెక్క ఇదే. ఏడు మంచిదైతే ఆరు ఇంకా మంచిది కాదా అని అడిగినవాళ్లకు 2008లో అకార్డ్ అధ్యయనం గట్టి జవాబే ఇచ్చింది. గుండెజబ్బు ముప్పు ఉన్న పదివేల మందికి పైగా టైప్ 2 వాళ్లు అందులో ఉన్నారు. వాళ్లలో సగం మందికి ఆరు లోపు లక్ష్యంగా మందులు బాగా పెంచారు. ఆ గుంపులో మరణాలు ఎక్కువ కావడంతో ఆ భాగాన్ని మధ్యలోనే ఆపేశారు.

జబ్బు ఉందని తేల్చడానికి 6.5ను గీతగా పెట్టింది ఇంకా తర్వాత. 2010లో అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్, 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దానికి ఒప్పుకున్నాయి. 5.7 నుంచి 6.4 వరకు ప్రీడయాబెటిస్, అంటే జబ్బుకు ముందు దశ, అని అమెరికన్ అసోసియేషన్ అంది. చికిత్స ఎలా సాగుతోందో చూసుకోవడానికి పుట్టిన కొలత ఇలా జబ్బు ముద్ర వేసే కొలత కూడా అయింది. ఈ రెండు పనులకూ కావాల్సిన కచ్చితత్వం ఒకటి కాదు. అప్పటికే షుగర్ ఉన్న మనిషికి 8.1 వచ్చినా 8.4 వచ్చినా డాక్టర్ చేసే మార్పు ఇంచుమించు ఒకటే. ఏ జబ్బూ లేదనుకుంటున్న మనిషికి మాత్రం 6.3కీ 6.6కీ మధ్య బతుకంతా మారిపోతుంది.

ఇప్పుడు ఆ గృహిణి రిపోర్టుకు వద్దాం. ఐరన్ తగ్గితే ఎముక మజ్జలో కొత్త ఎర్రకణాల తయారీ నెమ్మదిస్తుంది. రక్తంలో తిరిగేవాటిలో పాత కణాల పాలు పెరుగుతుంది. జాడీలోకి కొత్త ముక్కలు పడకపోతే చెయ్యి పెట్టినప్పుడల్లా బాగా ఊరిన ముక్కే దొరికినట్టన్నమాట. ఊటలో ఉప్పు పెరగకపోయినా ముక్క ఉప్పగానే తగులుతుంది. ఐరన్ లోపంలో హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువ చూపించడానికి చెప్పే ప్రధాన కారణం ఇదే. దీనికి తిరుగుడు కూడా ఉంది. ఐరన్ మాత్రలు మొదలుపెట్టగానే కొత్త కణాలు గుంపుగా వచ్చిపడతాయి. షుగర్‌లో ఏ మార్పూ లేకపోయినా అంకె దిగుతుంది. ఆ గృహిణికి మూడు నెలలు ఐరన్ ఇచ్చాక 5.9 వచ్చిందనుకోండి, ఆ పేరు మెంతుల నీళ్లు కొట్టేస్తాయి.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ప్రతి ఇద్దరిలో ఒకరి కంటే ఎక్కువ. ఇందులో అంతా ఐరన్ లోపమే కాదు, అందరిలోనూ అంకె తప్పుతుందనీ కాదు. కొద్దిపాటి రక్తహీనతలో తేడా పెద్దగా ఉండకపోవచ్చు. అయినా సగానికి పైగా ఆడవాళ్లకు రక్తం తక్కువగా ఉన్న చోట, ఎర్రకణాలు ఆరోగ్యంగా ఉన్నాయని ముందే అనుకుని నడిచే టెస్టును ఒంటరిగా చదవడం సబబు కాదు. హిమోగ్లోబిన్, ఎర్రకణాల సైజు చూపే మామూలు రక్తపరీక్ష, అదే సీబీపీ, దాని పక్కన ఉండి తీరాలి. ఖర్చూ పెద్దగా పెరగదు, ఆ ఊదారంగు మూత గొట్టంలో తీసిన రక్తమే రెండింటికీ సరిపోతుంది.

చిత్రంగా షుగర్ మందు వల్ల కూడా ఈ తిరకాసు వస్తుంది. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లలో కొందరికి బీ12 తగ్గుతుంది. మాంసం, గుడ్లు ముట్టనివాళ్లకైతే ఆ ముప్పు ఇంకాస్త ఎక్కువ. బీ12 లోపంతో వచ్చే రక్తహీనతలోనూ కొత్త కణాల తయారీ మందగించి అంకె పైకి జరుగుతుంది. అది చూసి షుగర్ పెరిగిందనుకుని మందు డోసు పెంచితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఇక దీనికి పూర్తి ఎదురు వైపు. ఎర్రకణం తొందరగా చచ్చిపోయినా, రక్తం ఎక్కువగా పోయినా, బయటి నుంచి రక్తం ఎక్కించినా ఒంట్లో అన్నీ సరిగా ఊరని ముక్కలే. షుగర్ ఎక్కువున్నా అంకె తక్కువ వస్తుంది. ఇది మొదటి రకం కంటే ప్రమాదం, ఎందుకంటే మంచి అంకె చూసి అనుమానించేవాళ్లు ఉండరు. ఎర్రకణాన్ని కాపాడే జీ6పీడీ అనే ఎంజైమ్ లోపించినవాళ్లు, ఎర్రకణాలు కొడవలి ఆకారంలోకి మారే సికిల్ సెల్ జబ్బు ఉన్నవాళ్లు ఈ కోవలోకి వస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో అల్లూరి సీతారామరాజు, పార్వతీపురం మన్యం జిల్లాల్లో, తెలంగాణలో ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు గిరిజన గూడేల్లో సికిల్ సెల్ కొత్త మాట కాదు. 2023 జులైలో కేంద్రం మొదలుపెట్టిన సికిల్ సెల్ నిర్మూలన మిషన్ ఇలాంటి ప్రాంతాల కోసమే. ఆ జబ్బు పూర్తిగా ఉన్న మనిషికి హెచ్‌బీఏ1సీ చేసి ప్రయోజనం లేదు. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక జన్యువే వచ్చి, పైకి ఏ బాధా లేకుండా తిరిగేవాళ్ల సంగతి ఇంకా మెలిక. అమెరికాలో నల్లజాతివాళ్ల మీద చేసి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, షుగర్ ఒకేలా ఉన్నా ఈ జన్యువు మోస్తున్నవాళ్లలో అంకె సుమారు 0.3 తక్కువగా వచ్చింది. 6.6 రావాల్సిన చోట 6.3 వస్తే ఆ మనిషిని ‘ఇంకా రాలేదు’ అని ఇంటికి పంపేస్తారు. షుగర్ క్యాంపును మైదానం నుంచి ఏజెన్సీకి తీసుకెళ్లేటప్పుడు అక్కడ వేలి మీద పొడిచి చూసే పాత షుగర్ టెస్టు కూడా చేతిలో ఉంచుకోవడం తెలివైన పని.

కిడ్నీ జబ్బు ముదిరినవాళ్లలో రెండు వైపుల నుంచీ లాగుడు ఉంటుంది. డయాలసిస్‌లో రక్తం కొంత పోతుంది, కణాలు తొందరగా చస్తాయి, పైగా రక్తం పెరగడానికి ఎరిత్రోపొయిటిన్ ఇంజెక్షన్లు ఇస్తారు. వీటన్నిటి వల్ల అంకె కిందికి వస్తుంది. ఐరన్ లోపం దాన్ని పైకి లాగుతుంది. చివరికి మిగిలే అంకె ఎవరిదో చెప్పడం కష్టం. షుగర్‌తో సంబంధం లేకుండానే కిడ్నీలు పాడవుతున్న ఉద్దానం లాంటి చోట్ల ఈ జాగ్రత్త ఇంకా అవసరం. గర్భిణుల విషయంలో అయితే ఈ టెస్టు మీద ఆధారపడరు. గర్భంలో కణాలు వేగంగా మారతాయి, అంకె సహజంగానే దిగుతుంది. మన దేశంలో వాళ్లకు 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటల తర్వాత షుగర్ చూస్తారు. 140 గానీ అంతకు మించి గానీ ఉంటే గర్భంతో వచ్చిన డయాబెటిస్‌గా లెక్క.

మరి ఎర్రకణం మీద నమ్మకం లేనప్పుడు దారేమిటి? గ్లూకోజు హిమోగ్లోబిన్‌కే కాదు, రక్తంలోని ప్రొటీన్లకూ అంటుకుంటుంది. ఫ్రక్టోసమైన్ టెస్టు కొలిచేది దాన్నే. పేరు చూసి పండ్లలోని ఫ్రక్టోజుతో ముడిపెట్టేవాళ్లున్నారు, దానికీ దీనికీ సంబంధం లేదు. ప్రొటీన్లలో ఎక్కువ భాగం ఆల్బుమిన్ కాబట్టి దాన్ని విడిగా కొలిచే గ్లైకేటెడ్ ఆల్బుమిన్ టెస్టు కూడా ఉంది. జపాన్‌లో దీన్ని బాగా వాడతారు. ఆల్బుమిన్ అంత కాలం బతకదు కాబట్టి ఈ రెండూ గడిచిన రెండు మూడు వారాల షుగర్‌ను చెబుతాయి. మందు మార్చిన నెలకే ఫలితం తెలుసుకోవాలన్నా పనికొస్తాయి. అయితే ఇక్కడ ముక్క మారింది కానీ సూత్రం అదే. మూత్రంలో ప్రొటీన్ పోతున్నవాళ్లలో, లివర్ పాడైనవాళ్లలో, థైరాయిడ్ తేడా ఉన్నవాళ్లలో ఈ అంకెలు కూడా తప్పుతాయి. పెద్ద ల్యాబుల్లో తప్ప దొరకకపోవడం ఇంకో చిక్కు. మామూలు ఊళ్లో ఉన్న మనిషికి అందుబాటులో ఉన్న దారి ఇంట్లోని గ్లూకోమీటరే. రెండు వారాల పాటు పరగడుపున కొన్ని రోజులు, తిన్నాక కొన్ని రోజులు, పడుకునే ముందు కొన్ని రోజులు చూసి రాసిపెట్టుకుంటే, ఆ కాగితాన్ని హెచ్‌బీఏ1సీతో పోల్చవచ్చు. అంకెను 28.7తో గుణించి 46.7 తీసేస్తే సగటు షుగర్ వస్తుంది. 7కు 154, 8కి 183, 9కి 212. అయితే ఇవి గుంపు మీద కట్టిన సగటులు. 7 వచ్చిన మనిషి అసలు సగటు 123 నుంచి 185 మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. అందుకే పది పాయింట్ల తేడాకు గాభరా పడక్కర్లేదు. యాభై అరవై తేడా వస్తే మాత్రం కారణం వెతకాలి.

ల్యాబు సంగతి కూడా కొంచెం. ప్రమాణాలు పాటించే మంచి ల్యాబులోనూ అసలు విలువ 7.0 అయితే రిపోర్టు 6.6 నుంచి 7.4 మధ్య రావడాన్ని తప్పుగా లెక్కించరు. కాబట్టి 7.1 నుంచి 6.9కి దిగిందని స్వీట్లు పంచనక్కర్లేదు, అటు పెరిగిందని మందు మార్చనూ అక్కర్లేదు. అర పాయింటు తేడా వస్తేనే అది నిజమైన మార్పు కింద లెక్క. ఎప్పుడూ ఒకే ల్యాబులో చేయించుకోవడం మేలు. మందు మార్చినప్పుడు మూడు నెలలకోసారి, నిలకడగా ఉంటే ఏడాదికి రెండుసార్లు చాలు. నెల నెలా చేయించుకునేవాళ్లు కట్టేది ల్యాబు ఖర్చు మాత్రమే. బ్రిటన్‌లో ఉన్న మనవాళ్లకు ఇంకో గందరగోళం ఉంది. అక్కడ 2011 నుంచి రిపోర్టు శాతంలో రాదు, మన 7 అక్కడ 53, మన 6.5 అక్కడ 48. కొడుకు పంపిన రిపోర్టులో 53 చూసి షుగర్ డౌన్ అయిందని ఇక్కడ తల్లిదండ్రులు కంగారుపడే వీలుంది.

ఎర్రకణాలు నిక్షేపంగా ఉన్నా, ల్యాబు మంచిదే అయినా ఈ అంకె చెప్పలేనిది ఒకటుంది. సగటు ఎప్పుడూ ఎగుడుదిగుళ్లను దాచేస్తుంది. ఒకరికి రోజంతా షుగర్ 130, 170 మధ్య తిరుగుతుంది. ఇంకొకరికి తిన్నాక 280 దాకా ఎక్కి, తెల్లవారుజామున 55కి పడిపోతుంది. ఇద్దరికీ రిపోర్టులో వచ్చేది ఏడే. ఇన్సులిన్ గానీ గ్లిమిపిరైడ్ గానీ వాడే పెద్దవాళ్లలో ఇది నిజంగా భయపడాల్సిన విషయం. ఆ తెల్లవారుజామున చెమటలు పట్టి, తల తిరిగి బాత్‌రూమ్‌లో పడ్డ మనిషికి మూడు వారాల తర్వాత ‘కంట్రోల్ బాగుంది’ అని మెచ్చుకోలు దొరుకుతుంది. వయసు మళ్లి, వేరే జబ్బులు కూడా ఉన్నవాళ్లకు ఏడు బదులు ఎనిమిది లోపు చాలని వైద్య మార్గదర్శకాలు చెప్పడం ఇందుకే.

చేతికి అంటించుకునే సెన్సర్లు ఈ లోటును కొంత తీరుస్తున్నాయి. కొన్ని నిమిషాలకోసారి షుగర్ చూసి, రోజులో ఎంతసేపు 70కీ 180కీ మధ్య ఉందో అవి లెక్క చెబుతాయి. చాలామందికి రోజులో 70 శాతం ఆ మధ్యలో ఉండాలని, 70 కంటే కిందికి పడే సమయం 4 శాతం దాటకూడదని నిపుణుల లెక్క. నాలుగు శాతమంటే రోజుకు దాదాపు ఒక గంట. షుగర్ పడిపోయే ముప్పు ఎక్కువగా ఉన్న పెద్దవాళ్లకు ఆ హద్దు ఒక్క శాతమే. ఇరవై నాలుగు గంటల్లో పావుగంట కూడా కాదు.